కొండ మీద బొగ్గు గని, కింద వంక: నీళ్ల అధ్యాయం రాసే ముందు ఏం చూడాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కడపలో ఎమ్మెస్సీ జియాలజీ చేసి కన్సల్టెన్సీలో చేరావు, ఆర్నెల్లు కాకముందే ఈశాన్య రాష్ట్రాల్లో కొండ మీది బొగ్గు గని ఒకదానికి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) రిపోర్టులో ‘ఉపరితల జలాలు, వాటర్‌షెడ్’ (వాటర్‌షెడ్ అంటే ఒక వాగులోకి వాన నీళ్లు దిగే నేలంతా) అధ్యాయం నీ నెత్తిన పెట్టారు. పాత రిపోర్టు ఒకటి చేతికిచ్చి దీన్ని చూసి చేసెయ్ అన్నారు. శాంపిల్స్ ఎక్కడ తీయాలి, మన కొండల్లో చూసింది అక్కడ పనికొస్తుందా అని రెండు అడిగావు. రెండోదానితో మొదలుపెడతా, అది తేలితే మొదటిది సగం తేలినట్టే.

పనికొస్తుంది, కానీ చాలావరకు తలకిందులుగా. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు, కడపలో 700 దాకా వాన. నువ్వు వెళ్లేచోట 2000 దాటడం మామూలు. మన వంక ఏడాదిలో నెలో నెలన్నరో పారితే గొప్ప, అక్కడి వాగు ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. మన రాయి ఆమ్లాన్ని చంపుతుంది, అక్కడి రాయి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. రెండుచోట్లా ఒకటే ఉన్నది ఏమిటంటే, గని కొండ నెత్తిన ఉంటుంది, కిందున్న కుంటలు, చెరువులు, ఊళ్లు అన్నీ దాని నీళ్లకు వారసులు.

ముందు నా తప్పు ఒకటి చెప్తా. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఎర్రమల కొండల అంచున ఒక సున్నపురాయి లీజుకు బేస్‌లైన్ (గనికి ముందున్న స్థితి కొలత) చెయ్యడానికి పోయాను. ఏప్రిల్ నెల. వంక ఎండిపోయి ఇసుక తేలింది, గొర్రెలు అందులోనే పడుకుని ఉన్నాయి. టోపోషీట్‌లో (సర్వే మ్యాపులో) వంక గీతలున్నాయి కాబట్టి రెండు ఫొటోలు తీసుకుని, ‘లీజు ప్రాంతంలో చెప్పుకోదగ్గ ఉపరితల ప్రవాహాలు లేవు’ అని రాసిచ్చేశాను. ఆ రోజు గొర్రెల పెద్దాయన నన్ను గట్టు మీది కానుగ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి కొమ్మల్లో ఇరుక్కున్న ఎండుగడ్డి, చిరిగిన గోనెపట్ట చూపించాడు. నా భుజమంత ఎత్తున ఉన్నాయి. “ఎండాకాలం వచ్చినారు సార్, నీళ్లు యాడుంటాయి? దసరాకు రాండి” అన్నాడు. నవ్వి ఊరుకున్నా. గని మొదలైన రెండో ఏడు అక్టోబరులో ఒక్క రాత్రి వానకు గని తవ్విపోసిన మట్టి దిబ్బ పాదం కోసుకుపోయి కింద కుంటలోకి మోకాలి లోతు పూడిక దిగింది. రైతులు అడగబోతే గని వాళ్లు తీసి చూపించింది నా వాక్యమే. ఇక్కడ ప్రవాహమే లేదని రిపోర్టులో ఉంది కదా, మా మట్టి మీ కుంటలోకి ఎలా వస్తుంది అని! ఆ వాక్యం ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

రూల్ ప్రకారం నేను చేసింది తప్పేమీ కాదు, అదే అసలు చిక్కు. 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద గనులకు ఇచ్చే టీఓఆర్‌లో (రిపోర్టులో ఏమేం చూడాలో చెప్పే పత్రం) వర్షాకాలం కాని ఒక సీజన్ డేటా చాలంటారు, చుట్టూ 10 కిలోమీటర్లు చూడమంటారు. నీ కంపెనీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఎంచుకుని ఉంటుంది, చలికాలంలో జీపు దారులు బాగుంటాయి, జలగలు తక్కువ, బిల్లు కూడా తక్కువ. అది చెయ్యి, తప్పదు. దాంతోపాటు తొలకరికి ఇంకో ట్రిప్ అడుగు. ఇవ్వకపోతే కనీసం లోకల్ కుర్రాడు ఒకడికి బాటిళ్లు, వాడే విధానం, ఐస్‌బాక్స్ ఇచ్చి రా. ఎందుకో చెప్తా.

బొగ్గు పొరల్లోనూ వాటి మీదున్న షేల్‌లోనూ (గట్టిపడిన బంకమట్టి రాయి) పైరైట్ ఉంటుంది, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. నేలలో ఉన్నంతకాలం కదలదు. తవ్వి గాలికీ నీళ్లకూ పెడితే సల్ఫ్యూరిక్ ఆమ్లమూ కరిగిన ఇనుమూ అవుతుంది, కొన్ని బ్యాక్టీరియాలు ఆ పనిని ఇంకా తొందరచేస్తాయి. మన సింగరేణి, జార్ఖండ్ వైపు గోండ్వానా బొగ్గులో గంధకం ఎక్కువగా 1 శాతం లోపే, అందుకే అక్కడ గని నీళ్లు అంత కరకుగా ఉండవు. ఈశాన్యపు బొగ్గు వయసులో చాలా చిన్నది, గంధకం 2 శాతం దాటడం మామూలే. లెక్క ఒకటి గుర్తుపెట్టుకో: రాయిలో పైరైట్ గంధకం ప్రతి 1 శాతానికి, టన్ను రాయిని శాంతపరచడానికి 31.25 కిలోల సున్నపురాయి కావాలి. 3 శాతం అంటే టన్నుకు దగ్గరదగ్గర 94 కిలోలు. బొగ్గు కోసం తవ్విపోసే పైమట్టి, రాళ్లనే ఓవర్‌బర్డెన్ అంటారు. లక్షల టన్నుల ఓవర్‌బర్డెన్ దిబ్బకు వేసి చూడు, ఎన్ని లారీల సున్నపురాయో! అందుకే నీళ్లకంటే ముందు రాయిని టెస్ట్ చేయించు, ఆమ్లం పుట్టించేది ఎంత, చంపేది ఎంత అని, దీన్ని యాసిడ్-బేస్ అకౌంటింగ్ అంటారు. డ్రిల్ కోర్‌లో (బోరు వేసి తీసిన రాతి కడ్డీలో) బొగ్గు పైనా కిందా ఉన్న ప్రతి పొరకూ విడివిడిగా చెయ్యాలి, అన్నీ కలిపి సగటు తీస్తే మంచి పొర చాటున చెడ్డ పొర దాక్కుంటుంది. ఈ పరీక్ష పాత రిపోర్టులో ఉందేమో చూడు. లేకపోతే ఆ రిపోర్టును చూసి రాసే పని అక్కడితో అయిపోయినట్టే.

మన వైపు ఈ గొడవ పెద్దగా కనపడకపోవడానికి కారణం నీకు తెలిసిందే, వేంపల్లె డోలమైట్, నార్జి సున్నపురాయి. ఎర్రగుంట్ల వైపు ఎవరింట్లోనైనా నీళ్లు కాచే గిన్నె అడుగు చూడు, తెల్లటి పొర పట్టి ఉంటుంది. ఆ సున్నమే ఆమ్లం పాలిట యముడు. మన గనుల బాధ ఎక్కువగా మట్టి, దుమ్ము, మూసుకుపోయిన వంకలు. నల్ల షేల్ ఉన్నచోట మాత్రం పైరైట్ లేదని ముందే అనుకోవద్దు, టెస్ట్ చేసుకోవాలి.

ఆమ్లం ఎంత దూరం పోతుందో తెలియాలంటే మేఘాలయ చూడు. జయంతియా కొండల్లో ఎలుక బొరియల్లాంటి బొగ్గు గనులను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. లుఖా నది చలికాలంలో నీలంగా మారడం అక్కడివాళ్లందరికీ తెలుసు. ఇంకో వైపు దిగే కోపిలి నది మీద, అస్సాంలోని జలవిద్యుత్ కేంద్రం యంత్రభాగాలు ఈ ఆమ్లపు నీళ్లకు తినేయబడ్డాయి. గని ఒక రాష్ట్రంలో, తుప్పు ఇంకో రాష్ట్రంలో. కాబట్టి వాటర్‌షెడ్ అధ్యాయంలో 10 కిలోమీటర్ల వృత్తం గీసి ఆగిపోకు. నీళ్లకు కాంపస్ తెలియదు. వృత్తంలో ఎగువ కొండ అవతలి వైపు ఉన్న ఊరు పడుతుంది, దానికి ఈ గనితో ఏ సంబంధమూ ఉండదు. వాగు వెంబడి 14 కిలోమీటర్ల దిగువన తాగునీళ్లు తోడే చోటు (ఇంటేక్) ఉంటే అది పడదు. వాగును అది కలిసే పెద్ద నది దాకా పట్టుకుని వెళ్లు, దారిలో మొదట ఆ నీళ్లు వాడేది ఎవరో, దేనికో రాయి.

ఇక శాంపిల్స్. పుస్తకంలో ఎగువ ఒకటి, దిగువ ఒకటి అని ఉంటుంది. కొండ గనికి అది చాలదు. ఒక కొండ నుంచి నాలుగు వైపులా నాలుగు వాగులు దిగుతాయి, దిబ్బ ఒకదాని తలలో ఉంటుంది, రోడ్డు ఇంకోదాన్ని కోస్తుంది, సంప్ (గనిలో నీళ్లు చేరే గుంట) నీళ్లు మూడోదాంట్లోకి తోడతారు. ప్రతి వాగుకీ, అది పెద్దదాన్ని కలిసే చోట పైనొకటి కిందొకటి పెట్టుకో. గని అసలు తాకని పక్క లోయ వాగు ఒకటి కూడా తప్పకుండా తీసుకో, రేపు తేడా వచ్చినప్పుడు ఇది వానవల్లా గనివల్లా అని తేల్చేది అదే. చుట్టుపక్కల పాత తవ్వకాలు ఉంటే వాటి నోటి నీళ్లూ ఇప్పుడే పట్టు. కొత్త గని మొదలవకముందే పాడై ఉన్న నీళ్లు ఏవో ఇప్పుడు రాయకపోతే, తర్వాత ఎవరి పాపం ఎవరిదో తేలదు.

బాటిల్ దగ్గర చాలామంది చేసే పొరపాటు చెప్తా. ఆమ్లపు వాగులో నీళ్లు తేటగా, కొబ్బరినీళ్లలా ఉంటాయి. ఒక బాటిల్ నింపి, బ్యాగులో పడేసి, నాలుగు రోజులకు గువాహటి ల్యాబ్‌కు చేరుస్తావు. అప్పటికి బాటిల్ అడుగున నారింజరంగు మడ్డి పేరుకుని ఉంటుంది. ల్యాబ్ కుర్రాడు పైన తేట తీసి టెస్ట్ చేస్తాడు, ఇనుము చాలా తక్కువ అని వస్తుంది, అందరూ సంతోషం. ఇనుమంతా అడుగున ఉంది కదా! లోహాలకు వేరే బాటిల్ పెట్టి, వాగు గట్టు మీదే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి, నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి పీహెచ్ 2 కిందికి దించాలి. సల్ఫేట్, ఆల్కలినిటీకి (ఆమ్లాన్ని చంపే శక్తి) యాసిడ్ కలపని బాటిల్, గాలి బుడగ లేకుండా నిండా. పీహెచ్, కండక్టివిటీ (కరిగిన ఉప్పులను బట్టి నీళ్లలో కరెంటు పారే తీరు), ఉష్ణోగ్రత అక్కడికక్కడే. ల్యాబ్ పీహెచ్ మీద ఆధారపడకు, దారిలోనే మారిపోతుంది.

కళ్లతో చూసేది కూడా డేటానే. ఆమ్లపు వాగు మంచి వాగును కలిసే చోట కాసేపు కూర్చో. రాళ్ల మీద ముందు నారింజ పూత కనిపిస్తుంది, అది ఇనుము. కొంచెం దిగువకు వెళ్తే, పీహెచ్ 5 దగ్గరికి వచ్చేచోట, తెల్లటి పలుచని నురగలాంటి పూత, అది అల్యూమినియం. రాయి తిరగేసి చూడు, మంచి వాగులో దాని కింద పురుగులు పరుగెడతాయి, ఇక్కడ ఒక్కటీ ఉండదు. మన దగ్గర నీళ్లు బురదగా ఉంటే జనం భయపడతారు, అక్కడ మరీ తేటగా ఉంటే భయపడాలి.

తొలకరి సంగతికి వస్తా. ఎండిన నెలల్లో దిబ్బల మీదా పాత తవ్వకాల గోడల మీదా సల్ఫేట్ ఉప్పు పసుపుగా, తెల్లగా పూస్తుంది. మొదటి వానకు అదంతా ఒక్కసారిగా కరిగి దిగుతుంది, వాగులో చేపలు తేలేది చాలాసార్లు అప్పుడే. జనవరిలో వారానికొక శాంపిల్ తీసినా ఇది నీకు చిక్కదు.

గాఢత ఒక్కటే రాసి ఊరుకోవద్దు, ప్రవాహం కూడా కొలవాలి. మీటర్ లేకపోయినా సరే. వాగు తిన్నగా ఉన్న 10 మీటర్లు చూసుకుని, రెండు చివరలా తాడు కట్టి, కొబ్బరి పీచు ముక్క వదిలి ఫోన్‌లో టైమ్ చూడు. 12.5 సెకన్లు పడితే సెకనుకు 0.8 మీటరు. పైనీళ్లు అడుగునీళ్ల కంటే వేగంగా పోతాయి కాబట్టి 0.85తో గుణించు. వాగు 3 మీటర్ల వెడల్పు, సగటున 40 సెంటీమీటర్ల లోతు అనుకుంటే సెకనుకు 816 లీటర్లు. ఇది ఎందుకంటే, లీటరుకు 400 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉన్న చిన్న ఊట సెకనుకు 50 లీటర్లు పారితే రోజుకు 1728 కిలోల సల్ఫేట్ మోస్తుంది. పెద్ద వాగులో గాఢత తక్కువ కనపడినా మోసే బరువు ఎక్కువ ఉండొచ్చు. ఏ ఊటను ముందు పట్టుకుని బాగుచెయ్యాలో ఈ లెక్కే చెప్తుంది, టేబుల్‌లో మిల్లీగ్రాములు చూసి ఎవరూ చెప్పలేరు.

దిబ్బ ఎక్కడ పోస్తారన్నది ఈ అధ్యాయంలో అన్నిటికంటే బరువైన విషయం, పాత రిపోర్టుల్లో అరపేజీలో తేల్చేస్తారు. కొండ గనిలో చదును నేల ఉండదు, లోయ తలలో పోయడమే సులువు. లోయ తల అంటే ఊటలు పుట్టే చోటు. వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు వ్యర్థాల దిబ్బను కొండవాలు ఊట మీదే పోశారు, 1966 అక్టోబరు 21న వానకు నాని అది జారి ఊరి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ ఊట అప్పటికే మ్యాపుల్లో ఉంది! నువ్వు చేసే స్ప్రింగ్ ఇన్వెంటరీ (ఊటల జాబితా) ఎవరూ చదవని టేబుల్ అనుకోకు. ఒక్కో ఊటకు జీపీఎస్ పాయింట్, ఏ నెలల్లో పారుతుంది, ఎవరు నీళ్లు పట్టుకుంటారు, దిబ్బ అంచు నుంచి ఎంత దూరం. డ్రోన్ మ్యాపులో ఇవి దొరకవు. ఆ కొండల్లో కట్టెలకు తిరిగే ఆడవాళ్లను అడుగు. మన కోనల్లో చెలమలు ఎక్కడున్నాయో అటవీశాఖ మ్యాపు కంటే మేకల వాళ్లకు బాగా తెలుసు, అక్కడా అంతే. మన ఊరి పేర్లే చూడు, బుగ్గ అంటేనే ఊట, బుగ్గవంక అంటే ఊట నుంచి వచ్చిన వంక. అక్కడి భాషలో వాగుల పేర్లకు అర్థాలు అడిగి రాసుకో, మనవాళ్లలాగే నీళ్ల సంగతులు పేర్లలోనే దాచుకుని ఉంటారు.

అమెరికాలో అప్పలాచియన్ కొండల శిఖరాలను పేల్చి బొగ్గు తీసి మట్టిని లోయల్లోకి తోసినచోట ఇంకో సంగతి బయటపడింది. చాలాచోట్ల కింది వాగులో పీహెచ్ బాగానే ఉంది, అయినా పురుగులు పోయాయి. కారణం ఉప్పులు. 2011లో అక్కడి పర్యావరణ సంస్థ ఆ కొండ వాగులకు కండక్టివిటీ హద్దు 300 మైక్రోసీమెన్స్ అని లెక్కగట్టింది. మన ఊళ్లలో బోరు నీళ్లు 1500 వస్తే ఎవరూ కన్నెత్తి చూడరు. కాబట్టి మన అలవాటుతో అక్కడ 600 చూసి “సూపర్ నీళ్లు” అని రాసేవు! ఎగువన 40 ఉన్నది దిగువన 600 అయిందా అన్నది చూడాలి. తాగునీటి ప్రమాణంతో పోల్చి ‘పరిమితుల లోపే ఉంది’ అని ముగించడం మన కన్సల్టెన్సీల పాత రోగం. వాగు తాగేది మనుషులొక్కరే కాదు.

గార్లాండ్ డ్రెయిన్లు (దిబ్బ చుట్టూ తవ్వే కాలువలు), సెటిలింగ్ పాండ్ల (మట్టి అడుక్కి దిగేలా నీళ్లు ఆపే గుంటలు) గురించి ఎక్కువ చెప్పను, డిజైన్ వేరేవాళ్లు చేస్తారు. కానీ వాళ్ల లెక్కను ఒకసారి నువ్వూ వేసి చూడు. అనుమతుల్లో మామూలుగా పెట్టే షరతు, 50 ఏళ్ల వాన డేటా చూసి, వచ్చే గరిష్ఠ ప్రవాహం మీద ఇంకో 50 శాతం అదనంగా డ్రెయిన్లు, సంప్‌లు కట్టాలని. 40 హెక్టార్ల దిబ్బ మీద గంటలో 100 మిల్లీమీటర్లు పడి అందులో 60 శాతం జారిందనుకో, సెకనుకు 6.7 ఘనపు మీటర్లు, గంటకు 24,000 ఘనపు మీటర్లు. డ్రాయింగులో మూలకొక 3×3×2 మీటర్ల గుంట గీసి సెటిలింగ్ పిట్ అని రాస్తారు, అది 3 సెకన్లలో నిండుతుంది! పైగా 2 మైక్రాన్ల బంకమట్టి రేణువు కదలని నీళ్లలో మీటరు దిగడానికే 3 రోజులు పడుతుంది. అలాంటి డ్రాయింగ్ చూసి ‘పూడిక నియంత్రించబడుతుంది’ అని నీ పేరుతో రాయకు. బాస్‌తో గొడవ పడమనట్లేదు, లెక్క ఒక టేబుల్‌గా పెట్టు, టేబుల్‌ను తీసెయ్యమనడానికి వాళ్లకే మొహమాటం.

వెళ్లేది ఇంకో మూడు వారాలకు అన్నావు కదా, ఈలోగా బుగ్గవంక మీద చెయ్యి తిప్పుకో. పాలకొండల వైపు నుంచి మొదలుపెట్టి పెన్నలో కలిసేదాకా, రెండు ఆదివారాల నడక. 2020 నవంబరులో నివర్ తుపానుకు ఆ వంక కడప ఊళ్లోకి వచ్చింది, గోడల మీద నీటి గీతలు ఇంకా దొరుకుతాయేమో వెతుకు, పక్కింటి వాళ్లను ఎంతవరకు వచ్చిందో అడుగు, ఆ గీత నుంచి ప్రవాహం లెక్కగట్టు. పీచు ముక్క పద్ధతి ఎక్కడ నీళ్లుంటే అక్కడ పదిసార్లు చెయ్యి, పదిసార్లూ వేరే అంకె వస్తుంది, అప్పుడు నీ అంకె మీద నీకే ఎంత నమ్మకం ఉండాలో తెలుస్తుంది. పాయింట్ల మ్యాపు వేసుకున్నాక ఇక్కడే పెట్టు, చూస్తా.

పీహెచ్ మీటర్‌తో మనవాళ్లు 7, 9.2 బఫర్లు (మీటర్ సరిచూసుకునే ద్రావణాలు) మాత్రమే ఇచ్చి పంపుతుంటారు, మన నీళ్లకు అవే చాలు కాబట్టి. నువ్వు 4 బఫర్ రెండు సీసాలు ఇక్కడే కొనుక్కుని బ్యాగులో వేసుకో, ఆ కొండల కింద టౌన్లలో అది దొరకబుచ్చుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.